చుట్టం సీసా

మా అమ్మమ్మ చేతికి నీళ్ళ సీసా ఇస్తే తిన్నగా తాగదు. మూత బిగిస్తుంది, తలకిందులు చేస్తుంది, అడుగున వేలితో టకటకా తడుతుంది, లోపల బుడగ కదులుతుందేమోనని వెలుగుకి ఎత్తి చూస్తుంది. బుడగ కనిపిస్తే మొహం చిట్లిస్తుంది. తేనె సీసా, దగ్గు మందు సీసా, తాతయ్య తలనూనె సీసా, ఇంట్లో దేనికీ ఈ మర్యాద తప్పదు. కొత్తగా వచ్చినవాళ్ళు పెద్దావిడకి మతి కాస్త అటూ ఇటూ అయిందేమో అన్నట్టు మా వైపు చూస్తారు. అలాంటిదేం లేదు. ఆవిడ పనిలోంచి దిగిపోయి చాలా కాలమైంది, చేతులు మాత్రం ఇంకా దిగలేదు.

ఆ పనేమిటో చెబుతాను. రసాయనశాస్త్రం మొదలయ్యే క్లాసుకి ముందే నేను బడి మానేశాను కాబట్టి ఇందులో తప్పులుంటే పాపం బడిది.

పెట్రోలు బంకుల్లో నేల కింద పెద్ద పెద్ద ఇనప ట్యాంకులు పాతిపెడతారు. బండికి పెట్రోలు పోయించుకునేవాళ్ళకి తమ కాళ్ళ కింద అంత పెట్రోలు ఉందన్న ధ్యాసే ఉండదు. ఏళ్ళు గడిచాక ట్యాంకుకో, దాన్నుంచి పంపు దాకా వచ్చే గొట్టానికో తుప్పు పడుతుంది. చుక్కచుక్కగా కారుతుంది. కారింది మట్టిలో ఇంకి, అడుగున ఉన్న నీళ్ళని అంటుకుని, ఆ నీళ్ళు ఎటు జారితే అటు పోయి పక్కవాళ్ళ బోరులో తేలుతుంది. కారుతోందా, కారితే ఎంత దూరం పోయింది అని తేల్చే ఆఫీసులో అమ్మమ్మ నమూనాలు తెచ్చే మనిషి. బంకు చుట్టూ సన్నగా తవ్విన పరీక్ష బావుల్లోంచి నీళ్ళు, యంత్రం పైకి లాగిన మట్టి దిమ్మెల్లోంచి మట్టి చిన్న చిన్న సీసాల్లోకి పట్టి, ఐసు పెట్టెలో పేర్చి, వాను తోలుకుంటూ ల్యాబుకి తెచ్చేది. వీధిలో వాళ్ళు ఆవిణ్ణి సీసాలమ్మ అనేవారు. తాతయ్య మాత్రం ఇంట్లో మేజరుగారు అనేవాడు, ఆవిడ వినబడనంత దూరంలో ఉన్నప్పుడు.

మొదట్లో ఆవిడ అదే ల్యాబులో సీసాలు కడిగే పనికి చేరింది. అప్పటి నమూనాల మనిషికి సిగరెట్టు లేనిదే చెయ్యి ఆడదు. ఆయన తెచ్చిన ప్రతి నీళ్ళలోనూ ఏదో ఒక దోషం తేలేది. ఆ దోషం బావిది కాదు, ఆయన వేళ్ళదని పెద్దసారు కనిపెట్టేసరికి చాలా సీసాలు పాడైపోయాయి. ఆ పైన సారు ల్యాబంతా కలయతిరిగి, ఒంటి మీద ఏ వాసనా లేని మనిషి కోసం వెతికితే మా అమ్మమ్మ దొరికింది. సెంటు లేదు, పౌడరు లేదు, తలకి నూనె కూడా వాసన లేనిది. "పెళ్ళైనప్పటి నుంచి ఒక్క సెంటు సీసా కొనిపెట్టమని అడగలేదు మహాతల్లి, ఎంత పొదుపరి అని మురిసిపోయాను. దాంతోనే ఉద్యోగం కొడుతుందనుకోలేదు" అంటాడు తాతయ్య.

ఆ ఉద్యోగం ఇంట్లో అందరి పీకలమీదికీ వచ్చింది. నీళ్ళు పట్టే రోజు పొద్దున్న ఇంట్లో ఎవరూ సెంటు కొట్టుకోకూడదు. తాతయ్య గడ్డం గీసుకుని బుగ్గలకి రాసుకునే మందు రాసుకోకూడదు. రాసుకుంటే పెరట్లో నిలబడి టీ తాగాలి. మా పిన్ని ఒకసారి గోళ్ళరంగు వేసుకుంటూ దొరికిపోయింది. ఆ రోజంతా వాళ్ళిద్దరి మధ్య మాటల్లేవు. బండిలో పెట్రోలు ముందురోజే పోయించుకోవాలి, నీళ్ళు పట్టే రోజు బంకు మొహం చూడకూడదు. బంకులోనే నీళ్ళు పట్టాల్సి వస్తేనో అని నేను అడిగాను ఒకసారి. ఆవిడ నావైపు చూసిన చూపుకి నా నోరు దానంతటదే మూతపడింది.

ఇన్ని జాగ్రత్తల మీద ఇంకో జాగ్రత్త ఉంది. నమూనా సీసాలతో పాటు ఐసు పెట్టెలో ఒక సీసా ఊరికే ప్రయాణం చేస్తుంది. దాన్ని ల్యాబులోనే శుభ్రమైన నీళ్ళతో నింపి, బిగించి ఇస్తారు. దాని మూత దారిలో ఎవరూ తీయరు. పెట్టెలో వెళుతుంది, పెట్టెలోనే తిరిగొస్తుంది. తర్వాత దాన్ని కూడా పరీక్ష చేస్తారు. శుభ్రంగా వెళ్ళిన ఆ నీళ్ళలో పెట్రోలు కనిపించిందంటే అది బావిలోంచి వచ్చింది కాదు, దారిలో ఎక్కడో అంటుకుంది. అప్పుడు మిగతా సీసాల్నీ నమ్మడానికి లేదు. ఆఫీసులో దానికేదో ఇంగ్లీషు పేరుంది. అమ్మమ్మ మాత్రం చుట్టం అంటుంది.

"ఏ పనీ చెయ్యదు. కూర్చుని వస్తుంది, కూర్చుని పోతుంది. పోయాక మన ఇంట్లో ఏం కంపు కొట్టిందో ఊరంతా చెబుతుంది. చుట్టం కాక మరేమిటి?" అనేది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ మాట విని అందరికంటే గట్టిగా నవ్వేది అమ్మమ్మ తమ్ముడు. ఆయనకి పెట్రోలు బంకు ఉంది కాబట్టి మాకు బంకు తాత. వాళ్ళమ్మ పోయేటప్పటికి ఆయనకి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. అమ్మమ్మే గుండీలు పెట్టింది, జుట్టు దువ్వింది, బడి ఎగ్గొడితే చెవి మెలేసింది. ఆ చెవి రెండో చెవికంటే ఇప్పటికీ కాస్త పొడుగని తాతయ్య అంటాడు. పెద్దయ్యాక బంకులో గొట్టం పట్టుకుని నిలబడే పనికి చేరి, ఎండకి ఎండి వానకి తడిసి, చివరికి ఆ బంకునే తన చేతిలోకి తెచ్చుకున్నాడు. బంకు పక్కనే ఇల్లు. పొద్దున్న లేచి మొహం కడుక్కోకముందే బయటికొచ్చి పంపుల వంక చూసుకునేవాడు, పసిపిల్లలు నిద్ర లేచారో లేదో చూసుకున్నట్టు.

బంకు వెనక గోడకి ఆనుకుని ఒక లాండ్రీ. నడిపే ఆవిణ్ణి అందరూ లాండ్రీ అక్క అంటారు. పెరట్లో బోరు, ఆ నీళ్ళతోనే ఉతుకు, ఆ నీళ్ళతోనే ఇంట్లో వాడకం. ఒక వానాకాలం చొక్కాల మీద ఇస్త్రీ పెట్టె పెట్టగానే గుప్పున పెట్రోలు వాసన రావడం మొదలైంది. బస్సు డ్రైవరు ఒకాయన సెలవు రోజు ఉతికిన చొక్కా వేసుకుంటే, "సెలవని చెప్పి ఎక్కడికెళ్ళొచ్చావు?" అని పెళ్ళాం నిలదీసిందట. అది నవ్వుకునే సంగతి. నవ్వుకోలేనిది ఏమిటంటే, కాన్పుకి వచ్చిన లాండ్రీ అక్క కూతురు ఆ నీళ్ళతోనే పసిదానికి స్నానం చేయిస్తోంది. పిల్ల ఒళ్ళంతా ఎర్రగా దద్దుర్లు లేచాయి.

ఆవిడ ముందు బంకు తాత దగ్గరికే వెళ్ళింది. ఆయన నవ్వాడు. "బంకు పక్కన ఉంటూ పెట్రోలు వాసనంటే ఎలా లాండ్రీ అక్కా? బేకరీ పక్కన ఉంటే రొట్టె వాసన రాదా?"

"రొట్టె వాసనొచ్చే నీళ్ళతో పిల్లకి స్నానం చేయించొచ్చు. దీంతో చేయిస్తే పిల్లకి అగ్గిపుల్ల దూరంగా పెట్టాలి" అని ఆవిడ అటునుంచి అటే అమ్మమ్మ ఆఫీసుకి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చింది.

ఆ ఫిర్యాదు చూసేది ఇంజనీరమ్మాయి. వయసులో చిన్నదైనా పనిలో గట్టిది, మాటలో మెత్తనిది. అమ్మమ్మ ఆ అమ్మాయి ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఆ బంకు మా తమ్ముడిది అమ్మాయిగారూ. ఇంకెవరినైనా పంపండి."

"ఎవరిని పంపను పెద్దమ్మా? రెండో ఆయన కాలు కట్టులో ఉంది. మీరు నీళ్ళు పట్టి తెస్తారు, తేల్చేది ల్యాబు."

"అంతా పట్టడంలోనే ఉందండీ."

"అందుకే మిమ్మల్ని పంపుతున్నాను."

నీళ్ళలో పెట్రోలు తేలితే బంకు మూత పడుతుంది. ట్యాంకులు పైకి తీస్తారు, మట్టి తవ్వి పట్టుకెళతారు, ఎప్పుడు తెరుస్తారో చెప్పేవాళ్ళుండరు. తెలిసి తెలిసి తమ్ముడి కొంప తన చేత్తో ముయ్యడమంటే ఎలా ఉంటుందో ఆవిడ మాతో చెప్పలేదు. ఆ సాయంత్రం తమ్ముడి దగ్గరికి మాత్రం వెళ్ళింది.

"రేపు నీ బంకుకి వస్తున్నాను. అక్కగా రావడం లేదు, తెలిసిందా?"

"మరెవరిగా వస్తావు? అత్తగారిగానా?"

"వెటకారాలొద్దురా. నేనేమీ తినను, తాగను. నువ్వు నా దగ్గరికి రాకు."

"రానులే. మా ట్యాంకుల్ని చూసి దణ్ణం పెట్టుకుని పోదువుగాని. ఇనుమంటే ఇనుమే అది. నీ మాటంత గట్టిది."

ఇక్కడినుంచి జరిగింది నేను ఇద్దరి నోటా విన్నాను. ఇద్దరి కథా కలవని చోట అమ్మమ్మదే రాశాను. నాకు తిండి పెట్టేది ఆవిడ.

పరీక్ష బావి అంటే చెయ్యి కూడా పట్టనంత సన్నటి గొట్టం. అందులో నిలవ ఉన్న నీళ్ళు పనికిరావు. చిన్న పంపు దింపి ఆ నీళ్ళన్నీ తోడి డబ్బాలోకి పోసి, మట్టిలోంచి కొత్త నీళ్ళు ఊరాక అప్పుడు పట్టాలి. సీసా అంచు మీద నీళ్ళు ఉబ్బి నిలబడేదాకా నింపి మూత పెట్టాలి. తలకిందులు చేసి తట్టాలి. బుడగ కనిపిస్తే పారబోసి ఇంకో సీసా తీయాలి, ఎందుకంటే పెట్రోలు నీళ్ళలోంచి ఆ బుడగలోకి లేచిపోతుంది. బావి మారితే చేతి తొడుగులు మార్చాలి. పంపు నడవడానికి చిన్న జనరేటరు ఉంటుంది, దానికి పెట్రోలు కావాలి. పెట్రోలు వెతకడానికి పెట్రోలు మోసుకెళ్ళడం ఈ ఉద్యోగంలో పెద్ద తలనొప్పి. అందుకని ఆ క్యాను ఎప్పుడూ వాను పైకప్పు మీద, తాడుతో కట్టి ఉంటుంది. వాను లోపల సీసాల దరిదాపులకి రాకూడదు. ఇది అమ్మమ్మ పెట్టుకున్న నియమం.

ఆ రోజంతా బంకు తాత మాట తప్పలేదు. దూరంగా కుర్చీ వేసుకుని కూర్చుని, అక్క సీసాలు తట్టడం చూస్తూ మీసం దువ్వుకున్నాడు. లాండ్రీ అక్క గోడ మీదినుంచి తొంగిచూస్తూనే ఉంది. బంకులోని బావులు, లాండ్రీ బోరు అన్నీ అయ్యాయి. పెట్టె వానులోకి ఎక్కింది. జనరేటరు తాగెయ్యగా ఖాళీ అయిన క్యాను పైకప్పు ఎక్కింది. అప్పుడు మరదలు, అంటే బంకు తాత భార్య, గుమ్మంలోకి వచ్చింది.

"ఏం వదినా, గుమ్మం దాకా వచ్చి మొహం చూపించకుండా పోతావా? మా ఇంట్లో మైల పడిందా?"

"పని మీద వచ్చానే."

"పనైపోయిందిగా. నువ్విలా పోతే మీ తమ్ముడు నన్ను రాత్రంతా సాధిస్తాడు. టీ ఒక్కటి తాగి పో."

అమ్మమ్మ లోపలికి వెళ్ళింది. ఇంకెవరింటికైనా అయితే వెళ్ళేది కాదు. వెళ్ళినా వాను వెనక తలుపుకి తాళం వేసే వెళ్ళేది. తమ్ముడి వాకిట్లో వానుకి తాళమేమిటని వేయలేదు. టీతో పాటు మరదలి మోకాళ్ళ నొప్పుల కథ కూడా వినేసరికి కాస్త పొద్దుపోయింది. బయటికొచ్చి, వాను తోలుకుని ల్యాబు ముందు ఆపింది. అక్కడివాళ్ళు వెనక తలుపు తీసి పెట్టె దించుకున్నారు. పొద్దుటినుంచి బంకులో ఉన్న ముక్కు, దానికి పెట్రోలు వాసన కొత్తగా తెలియలేదు. వాను షెడ్డులో పెట్టి ఇంటికొచ్చింది.

ఫలితాలు వచ్చిన రోజు ఇంజనీరమ్మాయి పిలిచింది. ఆ అమ్మాయి ముందు కాగితం ఉంది, మొహంలో నవ్వు లేదు.

"అన్ని సీసాల్లోనూ పెట్రోలు ఉంది పెద్దమ్మా. కొద్దికొద్దిగా."

అమ్మమ్మ తల దించుకుంది. తమ్ముడి పని అయిపోయిందనుకుంది.

"చుట్టంలో కూడా ఉంది. మిగతావాటిలో ఎంతో అంత."

అమ్మమ్మ తల ఎత్తింది. "ల్యాబులో సీసా సరిగ్గా కడగలేదేమో."

"కడిగేది మీరు నేర్పిన పద్ధతిలోనే."

 అమ్మమ్మ షెడ్డుకి వెళ్ళి, ఆ రోజు పెట్టినప్పటి నుంచి కదపని వాను వెనక తలుపు తీసింది. మూసి ఉన్న వేడిలోంచి వాసన మొహాన కొట్టింది. ఐసు పెట్టె కూర్చున్న చోటికి జానెడు దూరంలో క్యాను ఉంది. నిండుగా ఉంది. మూతకి గుడ్డ చుట్టి దారంతో కట్టి ఉంది. క్యాను మూతకి అలా గుడ్డ కట్టే మనిషి ఆవిడకి ఒక్కరే తెలుసు.

వెనక్కి వచ్చి, "తప్పు నాది. తాళం వెయ్యకుండా టీకి వెళ్ళాను" అంది.

ఇంజనీరమ్మాయి కాగితం బోర్లా పెట్టింది. "మీ తమ్ముడి ట్యాంకు కారినా ఇంతే కనబడొచ్చు. క్యాను వల్లైనా ఇంతే కనబడొచ్చు. వీటితో ఏమీ చెప్పలేం."

"పారబోయండి."

"పారబోస్తే అందరూ ఏమంటారో తెలుసు కదా?"

"తెలుసండీ. పారబోయండి."

అందరూ అనాల్సింది అన్నారు. మొదట అన్నది బంకు తాతే. పరీక్ష చెల్లలేదని తెలియగానే ఆయన బంకుకి వచ్చినవాళ్ళందరికీ, బండి ఏదైనా సరే, అద్దం తుడిచి మరీ చెప్పాడు. "మా అక్క వచ్చి చూసి వెళ్ళింది. ఏం దొరకలేదు." పారబోశారన్న మాట ఆ వాక్యంలో ఎక్కడా లేదు. లాండ్రీ అక్కకి ఆ మాట చేరింది. కూరగాయల కొట్టు దగ్గర అమ్మమ్మ ఎదురుపడితే ఆవిడ దారి ఇచ్చి పక్కకి నిలబడింది.

"పోనీ తల్లీ, మీరు పదండి. అక్కాతమ్ముళ్ళ పరీక్షలు బాగా అయ్యాయి. మా పిల్లకి దద్దుర్లు మా గాచారం."

అమ్మమ్మ సంచీ అక్కడే పెట్టేసి తిన్నగా బంకుకి వెళ్ళింది.

"వానులో క్యాను పెట్టిందెవరు?"

"నేనే" అన్నాడు బంకు తాత. "ఖాళీగా కనిపించింది, నింపాను. మబ్బు పట్టింది, పైనుంటే తడుస్తుందని లోపల పెట్టాను. ఏం, అక్కకి ఒక క్యాను పెట్రోలు పోసే హక్కు కూడా లేదా నాకు?"

అమ్మమ్మ ఆయన మొహంలోకి చూసింది. ప్రతి ఆదివారం చుట్టం కబుర్లు విని పొట్ట పట్టుకుని నవ్విన మొహమే అది. చుట్టం ఎక్కడ కూర్చుంటుందో, దానికి వాసన తగిలితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. తెలిసి పెట్టాడా, ప్రేమతో పెట్టాడా అన్నది ఆ మొహంలో ఎక్కడా రాసి లేదు. ఆవిడ అడగలేదు. వెనక్కి తిరిగి వచ్చేసింది.

ఇంట్లో తాతయ్య అన్నాడు, "ఆ మాటేదో అడిగేస్తే పోయేదిగా."

"అవునంటే ఏం చెయ్యను? కాదంటే ఎలా నమ్మను?"

తాతయ్య గడ్డం మందు సీసా పట్టుకుని, ఎవరూ చెప్పకుండానే పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా వాన పడింది. నేల కింద నీళ్ళు పైకి లేచాయి. లేచిన నీళ్ళు పైమట్టిలో ఇంకి ఉన్న పెట్రోలుని తాకితే దాన్ని కడిగి తమతో తీసుకుపోతాయని ఇంజనీరమ్మాయి చెప్పింది. లాండ్రీలో వానాకాలమే కంపెందుకో అప్పుడు తెలిసింది. రెండోసారి నీళ్ళు పట్టడానికి ఆ అమ్మాయి కూడా వచ్చింది. ఈసారి జనరేటరు లేదు. పంపు ఆ అమ్మాయి తెచ్చిన బ్యాటరీతో నడిచింది. ఎందుకు తెచ్చిందో ఎవరూ ఎవరినీ అడగలేదు. వానుకి తాళం పడింది. చుట్టం సీసా ఉన్న చిన్న పెట్టెని ఆ అమ్మాయి దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మరదలు టీ కప్పుతో వాను దగ్గరికే వచ్చింది. "లోపలికి రానంటే సరే, ఇక్కడే తాగు వదినా."

"వద్దే."

"నా చేతి టీ కూడా చేదైపోయిందన్నమాట."

అమ్మమ్మ సీసా తలకిందులు చేసి తట్టింది. బుడగ లేదు. దాన్ని పెట్టెలో పెట్టింది. ఇంకో సీసా తీసింది. మరదలు కాసేపు నిలబడి టీ కప్పు వెనక్కి తీసుకుపోయింది. పక్క బావిలోంచి నీళ్ళు తోడుతున్నప్పుడు డబ్బాలో పైన రంగురంగుల పొర తేలింది. దాన్ని గోడ మీదినుంచి లాండ్రీ అక్కా చూసింది, కుర్చీలోంచి బంకు తాతా చూశాడు.

ఈసారి చుట్టం శుభ్రంగా తిరిగొచ్చింది. బావుల నీళ్ళూ, లాండ్రీ బోరు నీళ్ళూ శుభ్రంగా లేవు. బంకు చుట్టూ తాళ్ళు కట్టారు. లాండ్రీ బోరుకి మూత బిగించి, ఆవిడకి నీళ్ళు బయటినుంచి తెప్పించే ఏర్పాటు చేశారు. బంకు తాత ఆదివారాలు రావడం మానేశాడు. భోజనాల దగ్గర ఆయన కుర్చీ మీద తాతయ్య పేపరు పెట్టుకునేవాడు. అమ్మమ్మ వడ్డిస్తూ ఆ పేపరు తీసి పక్కన పెట్టేది. మళ్ళీ వారం తాతయ్య మళ్ళీ పెట్టేవాడు.

తవ్విన రోజు వీధంతా అక్కడే ఉంది, నేనూ ఉన్నాను. యంత్రం కాంక్రీటు పగలగొట్టి మట్టి ఎత్తి పోస్తుంటే కళ్ళు మండాయి. అమ్మమ్మ గుంట అంచున మట్టి పట్టే సీసాలతో నిలబడి ఉంది. ఆవిడకి కాస్త దూరంగా బంకు తాత ఉన్నాడు. గడ్డం పెరిగింది. ట్యాంకు గొలుసులతో పైకి లేచింది. మట్టి కడిగి చూస్తే దానికి ఎక్కడా చిల్లు లేదు.

"చూశారా" అన్నాడు బంకు తాత, ఎవరితోనో తెలియకుండా. "చెప్పాను కదా, ట్యాంకుకి ఏం కాలేదని." ఆ గొంతు విని నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కొడుకు దొంగతనం చెయ్యలేదని తేలినట్టు ఉంది.

తర్వాత ట్యాంకునుంచి పంపుకి వెళ్ళే గొట్టం మీద మట్టి తీశారు. అతుకు దగ్గర గొట్టం తడిగా మెరుస్తోంది. దాని కింద మట్టి ఎర్రగా ఉండాల్సింది బూడిదరంగుకి తిరిగి, కింద దాకా, గోడ వైపుకి, లాండ్రీ వైపుకి అలాగే దిగిపోయి ఉంది. బంకు తాత గుంట అంచున గొంతుక్కూర్చున్నాడు. అమ్మమ్మ తన పని మానలేదు. బూడిదరంగు మట్టి తీయించి, సీసాలో కూరి, మూత బిగించింది. తర్వాత చేతి తొడుగులు ఊడదీసి వచ్చి తమ్ముడి పక్కన నిలబడింది.

ఆయనే అన్నాడు. "ట్యాంకులోకి కొలబద్ద దింపినప్పుడల్లా మట్టం తక్కువే చూపించేది అక్కా. ఎండకి ఆవిరైపోతోందనుకున్నాను. అనుకోవడమే బాగుండేది."

అమ్మమ్మ ఆ గొట్టం వంక చూస్తూ వింది.

"క్యాను కావాలని పెట్టలేదు. ఒట్టు. తడుస్తుందనే పెట్టాను. దానివల్లే నువ్వు అన్నీ పారబోశావని తెలిశాక మాత్రం సంతోషించాను. అది మటుకు నిజం. నిన్నందరూ అంటుంటే విని కూడా ఊరుకున్నాను."

అమ్మమ్మ చెయ్యి చాపింది. చెవి మెలేస్తుందేమోననుకున్నాను. ఆయన కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, తల కాస్త అటు వంచాడు. ఆవిడ ఆయన చొక్కా పై గుండీ పెట్టుకోకుండా ఉంటే వంగి పెట్టింది.

"ఆదివారం రా. వచ్చే ముందు లాండ్రీ ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఇప్పుడు నాకు చెప్పింది ఆవిడకి చెప్పిరా. చెప్పకుండా రాకు."

"ఆవిడ ఇస్త్రీ పెట్టె విసిరేస్తుంది అక్కా."

"విసిరితే తప్పుకో. చిన్నప్పుడు నీకు బాగా వచ్చుగా."

ఇస్త్రీ పెట్టె విసరలేదు కానీ, లాండ్రీ అక్క ఆయన్ని గడప బయటే చాలాసేపు నిలబెట్టింది. ఏమన్నదో ఆయన మాకెవ్వరికీ చెప్పలేదు. ఆ ఆదివారం ఆలస్యంగా వచ్చాడు. కుర్చీ మీద పేపరు లేదు.

బంకు తెరవడానికి చాలా కాలం పట్టింది. కొత్త ట్యాంకులు, రెండు పొరల గొట్టాలు వచ్చాయి. మట్టిని లారీల్లో పట్టుకెళ్ళారు. అయినా నీళ్ళు ఒకేసారి బాగుపడవట, ఏళ్ళు పడుతుందట. అందుకని అమ్మమ్మ పనిలోంచి దిగిపోయేదాకా ప్రతి వానాకాలమూ అక్కడికి సీసాలతో వెళ్ళేది. ఆవిడ వాను ఆగగానే బంకు తాత కుర్చీ తెచ్చుకుని వెనక తలుపు దగ్గర వేసుకుని కూర్చునేవాడు. ఎవరి చేతిలోనైనా క్యాను కనబడితే దూరం నుంచే కేకేసి ఆపేవాడు. ఒకసారి మరదలు టీ తెస్తుంటే, "అది టీయేనా?" అని మూత తీసి వాసన చూశాడట. అమ్మమ్మ పని అంతా ముగించి, వాను తాళం రెండుసార్లు లాగి చూసి, అప్పుడు ఆ టీ తాగేది.

లాండ్రీ అక్క ఇప్పుడు ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది. అందరివీ అయ్యాక, చిట్టచివర.